చివరి తావు కూత

మొన్న మా మనవరాలి బడిలో నేను కళ్ళు మూసుకోలేదు. దాని మీద మా ఇంట్లో రాద్ధాంతం ఇంకా నడుస్తూనే ఉంది.

మధురవాడలో కొండ తవ్వి కట్టిన బడి అది. ఏసీ హాలు, నేల మీద రంగురంగుల చాపలు, ఎక్కడి నుంచో సన్నగా వేణువు. పిల్లలకి మైండ్‌ఫుల్‌నెస్ నేర్పుతున్నారట, ఇంట్లో పెద్దవాళ్ళు కూడా వచ్చి ఒక పూట పిల్లల పక్కన కూర్చోవాలట. అల్లుడికి ఆఫీసు వల్ల కుదరలేదని నా కూతురు నన్ను లాక్కెళ్ళింది. చెవికి మైకు తగిలించుకున్న కుర్రాడొకడు వచ్చి, "మెల్లగా కళ్ళు మూసుకోండి. ఊపిరి లోపలికి... ఊపిరి బయటికి... మనసులో ఏదొచ్చినా గమనించి వదిలేయండి" అన్నాడు. హాలంతా కళ్ళు మూసుకుంది. నేను గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను.

మా ముందు చాప మీద చిన్న పిల్లాడొకడు లేచి, "సర్, టాయ్‌లెట్" అన్నాడు. ఆ కుర్రాడు చిరునవ్వు చెదరకుండా, "ఆ ఫీలింగ్‌ని గమనించు నాన్నా. దానంతట అదే పోతుంది" అన్నాడు. అంతే, నాకు ఒళ్ళు మండిపోయింది. "పోయేది ఫీలింగు కాదు బాబూ, ఆడి నిక్కరు! ముందు పిల్లోడ్ని బయటికి ఒగ్గు!" అని అరిచాను. మూసిన కళ్ళన్నీ తెరుచుకున్నాయి.

కారెక్కాక నా కూతురు మొదలుపెట్టింది. "నీ నోటికో దణ్ణం అమ్మా. రేపు ఆ సర్ మొకం ఎలగ సూడాల నాను? ఊపిరి పీల్చమంటే నీకేటి నొప్పి?"

నేను కారు అద్దం దించుకున్నాను. మాట్లాడితే గోపాలపట్నంలో ఉన్న మా చెల్లెలి దాకా ఫోన్లు వెళ్తాయి. వెనక సీట్లో మనవరాలు మాత్రం, "అమ్మమ్మా, నీకు కళ్ళు మూసుకోవడం భయమా?" అంది. భయం కాదే పిచ్చిదానా, కోపం. ఆ కోపం సంగతి చెప్పాలంటే నిన్ను ముందు సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళాలి. ఇప్పుడున్న ఒడ్డుకి కాదు.

ఇప్పుడక్కడ వెడల్పాటి రోడ్డుంది, లైట్లున్నాయి, మొక్కజొన్న పొత్తుల బళ్ళున్నాయి, సముద్రానికి వీపు పెట్టి ఫోటోలు తీసుకునే జనం ఉన్నారు. నా చిన్నప్పుడు అక్కడ తాటాకు ఇళ్ళ వరస ఉండేది. సముద్రం పోటు మీదున్న రోజుల్లో నురగ వచ్చి మా గడప తడిపేది. ఇంటికీ ఇంటికీ మధ్య ఇసకలో మెత్తళ్ళ చేపలు ఎండేవి. ఎండు మెత్తళ్ళ వాసన, తడి వలల వాసన, ఏ ఇంట్లోనో చేపల పులుసులో పడిన చింతపండు వాసన, అన్నీ కలిసి ఒకటే గాలి. ఆ వాసన వస్తే నా కూతురు ఇప్పుడు ముక్కు మూసుకుంటుంది. నాకు ఆకలేస్తుంది.

మేం అమ్మమ్మ ఇంట్లో ఉండేవాళ్ళం. నాన్న ఎక్కడో పెద్ద బోటు మీద కూలికెళ్ళి ఎప్పుడో ఒకసారి వచ్చి పోయేవాడు. ఇంట్లో మగదిక్కు మా మావే, అమ్మకి తమ్ముడు. దుంగలు తాళ్ళతో బిగించి కట్టిన తెప్ప మీద ఒక్కడే తెల్లారకుండా వేటకెళ్ళేవాడు. వచ్చేటప్పుడు రొయ్యలు దొరికితే అమ్మకానికి వెయ్యకుండా రెండు గుప్పిళ్ళు తీసి, నిప్పుల మీద కాల్చి నాకు పెట్టేవాడు. "తిను కోడలా, నీ గొంతు బాగుండాల. నీ గొంతు మీదే నా బతుకు" అనేవాడు. నవ్వుతూ అనేవాడు గానీ అది నవ్వులాట మాట కాదు.

మా వీధిలో ప్రతి ఇంటికీ ఒడ్డున ఒక తావు ఉండేది. ఎవరి తెప్ప వాళ్ళ తావులోంచే తోసుకోవాలి, అక్కడికే రావాలి. వాన ముసురుకొచ్చి సముద్రం మీద మసక పడితే తెప్ప మీదున్న మనిషికి ఒడ్డు కనపడదు. అప్పుడు ఇంటికొకరు పరుగెత్తి తమ తావులో నిలబడి కూతెయ్యాలి. ఒక్కో ఇంటికి ఒక్కో కూత. పక్కింటి వాళ్ళది పొడుగ్గా సాగేది. మాది రెండు పొట్టివి, ఒక పొడుగుది. "హెయ్, హెయ్, హేఏఏయ్!" ఎవరి కూత విని వాళ్ళు అటు తిరిగి అలల మీద దిగేవాళ్ళు.

మాది వరసలో ఆఖరి తావు. దాని పక్కనుంచే నల్లరాళ్ళు మొదలు. అందుకని మా కూతకి ఇంకో పని కూడా ఉండేది. మా కూత దగ్గరగా వినపడిందంటే ఇక్కడితో ఆగిపోండి, ఇంక ఇటు రాళ్ళే అని లెక్క. వినపడలేదంటే ఇంకా రాళ్ళ దాకా రాలేదని లెక్క. మా తెప్పకే కాదు, వీధిలో తెప్పలన్నిటికీ అదే హద్దు.

కూత ఆడవాళ్ళ పని. మగాడు నీళ్ళ మీద ఉండాలి, ఆడది ఒడ్డున ఉండి పిలవాలి. మా ఇంట్లో ఆ కూత అమ్మమ్మది. ఆవిడ చుట్ట నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ కాల్చేది. ఆ చుట్టల వల్లో, వయసు వల్లో, ఆ ఏడాది వానల ముందే గొంతు పోయింది. ఏం మాట్లాడినా గాలి తప్ప మాట రాదు. అమ్మ బాలింత. మా చెల్లెలు పుట్టి కొన్ని వారాలే అయింది. బాలింత సముద్రం ముఖం చూడకూడదు, తెప్ప తావు తొక్కకూడదు. ఇంక మిగిలింది నేను.

అమ్మమ్మ నాకు కూత నేర్పిన పద్ధతి చెప్తే ఈ కాలం బళ్ళో పోలీసుల్ని పిలుస్తారు. ఒడ్డున నిలబెట్టి బొడ్డు కింద అరచేత్తో చరిచేది. గుసగుసగా, "గొంతుతో కాదే గుంటా, ఇక్కడ నుంచి, ఇక్కడ నుంచి తియ్యాల!" అనేది. మరో మాట కూడా చెప్పింది. "తావు మారి కూతెయ్యకు. పక్కన నిలబడి మన కూతేస్తే మనుసుల్ని సంపినట్టే." కూత బాగా వచ్చిన రోజున అమ్మ కోసం వండిన సొరపిట్టు నాకు కూడా పెట్టేది. వెల్లుల్లి, పచ్చిమిరపకాయలు వేసి పొడిపొడిగా వేయించిన సొరచేప. పాలు పడతాయని బాలింతలకి పెడతారు. నేనూ మావా అమ్మ నిద్రపోయాక చట్టిలో చెయ్యి పెట్టి మరికొంచెం లాగేవాళ్ళం. అమ్మ నిద్రలోంచే, "నాకు పాలు పడాలిరా, మీకు కాదు" అనేది.

బడి మా వీధి మొదట్లో, మిట్ట మీద ఉండేది. పెంకుల కప్పు, వానొస్తే ఎవరి పలకలో నీళ్ళు వాళ్ళే దులుపుకోవాలి. మా క్లాసు మాస్టారికి వీధి సంగతి తెలుసు. సముద్రం మసకేస్తే చాలు, "కూత పిల్లలు పొండ్రా" అని తనే తలుపు తీసేవాడు. మేం పరుగెత్తేవాళ్ళం. మళ్ళీ వచ్చి కూర్చుంటే ఎక్కడ ఆపాడో అక్కడ నుంచి పాఠం చెప్పేవాడు.

తర్వాత కొత్త హెడ్డు మాస్టారు వచ్చాడు. ఆయన వెనకే మేడంగారు వచ్చింది. కొండ మీద బంగళాలో ఉండే పెద్ద ఆఫీసరు భార్య. పిల్లలకి శ్వాస, ధ్యానం నేర్పుతుందట. నేర్పనిస్తే బడికి కొత్త కప్పు వేయిస్తానందట. అప్పటి నుంచి హెడ్డు మాస్టారికి ఆవిడ కారు చప్పుడు వినపడితే నడుం దానంతట అదే వంగేది.

ఆవిడ చెడ్డ మనిషి కాదని మా అమ్మ చివరి దాకా అంటూనే ఉంది. కావచ్చు. నాకు మాత్రం ఆవిడ మంచితనం అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. మెత్తటి గొంతు, జరీ అంచు చీర, చేతిలో చిన్న ఇత్తడి గంట. రాగానే గది నాలుగు మూలలా అగరొత్తులు వెలిగించేది. మా దగ్గర వాసన భరించలేక వెలిగించేదని నాకు పెద్దయ్యాక గానీ తట్టలేదు. మమ్మల్ని నేల మీద బాసింపట్లు వేయించి, గంట కొట్టి, కళ్ళు మూసుకోమనేది. "మీరంతా ఎంత మొరటుగా ఊపిరి తీస్తారు! పువ్వు వాసన చూసినట్టు తీసుకోవాలి తల్లీ, మెల్లగా" అని నా పొట్ట మీద వేలు పెట్టి నొక్కేది. అమ్మమ్మ నెలల తరబడి చరిచి చరిచి సిద్ధం చేసిన పొట్ట అది.

ఒకరోజు మా పక్కింటి గుంట, నా జోడీ, పరికిణీ చెంగులో పీతని కట్టుకొచ్చింది. అందరూ కళ్ళు మూసుకున్నాక ముడి విప్పింది. పీత తిన్నగా జరీ అంచు వైపే వెళ్ళింది. అప్పటిదాకా భయం కలిగితే దాన్ని దూరం నుంచి గమనించమని చెప్తున్న మేడంగారు ఓలమ్మో అని కుర్చీ ఎక్కేసింది. మేం కింద పడి దొర్లాం. హెడ్డు మాస్టారు ఎవరు తెచ్చారని అడగలేదు, వరసగా అందరి వేళ్ళ మీదా బెత్తం దించాడు. వేళ్ళు నోట్లో పెట్టుకుని కూడా నవ్వాం. ఆ పీతని మధ్యాహ్నం కాల్చుకు తిన్నాం.

ఆ రోజు దాకా నాకు ఆవిడంటే నవ్వే. కోపం తర్వాత వచ్చింది.

ఆ రోజు మేడంగారు తన స్నేహితురాళ్ళని వెంటబెట్టుకొచ్చింది, మురికివాడ పిల్లలు ఎంత నిశ్శబ్దంగా కూర్చుంటారో చూపించడానికి. హెడ్డు మాస్టారు మా క్లాసు మాస్టార్ని అవతలి గదికి పంపేసి, తలుపు గడియ వేసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. గంట మోగింది. కళ్ళు మూసుకున్నాం. కాసేపటికి పెంకుల మీద చినుకు పడింది. తర్వాత గాలి మారింది. వాన ముందు సముద్రం మీద నుంచి వచ్చే చల్లటి ఉప్పు గాలి మా వీధి పిల్లలకి నిద్రలో కూడా తెలుస్తుంది. కళ్ళు తెరిచాను. కిటికీ ఊచల్లోంచి చూస్తే సముద్రం లేదు. తెల్లటి మసక తప్ప ఏమీ లేదు.

లేచి నిలబడ్డాను. "మేడంగారూ, నాను ఎల్లాల."

"ఎక్కడికి తల్లీ?"

"కూతెయ్యాలండి. మా మావ సముద్రం మీదున్నాడు. మా తావులో ఎవులూ నేరు. అమ్మమ్మకి గొంతు నేదు."

ఆవిడ స్నేహితురాళ్ళ వైపు తిరిగి చిన్నగా నవ్వింది. "చూశారా, ఇంత చిన్న పిల్లల్లో ఎంత ఆందోళనో." తర్వాత నా గడ్డం పట్టుకుంది. "సముద్రం బయట లేదమ్మా. ఆ అలలన్నీ నీ మనసులోవే. కూర్చో. కళ్ళు మూసుకుని, మావయ్య చక్కగా ఒడ్డుకొచ్చినట్టు ఊహించుకో. ఊపిరి లోపలికి తీసుకో."

"నిజంగా సముద్రం మీదే ఉన్నాడండి. మా కూత ఇనపడకపోతే రాళ్ళ మీదకి వచ్చేత్తారు."

"కూర్చో!" అన్నాడు తలుపు దగ్గర నుంచి హెడ్డు మాస్టారు. కూర్చున్నాను. ఆయన కళ్ళు చూస్తే ఎవరైనా కూర్చుంటారు.

ఒడ్డు నుంచి కూతలు మొదలయ్యాయి. మొదటి ఇంటి పిన్ని కూత, తర్వాత దాని పక్కింటిది. ఒకదాని వెనక ఒకటి తావులన్నీ పలికాయి. ఆఖరున పక్కింటి అత్త పొడుగు కూత. దాని తర్వాత మాది రావాలి. రాలేదు. మళ్ళీ వరసగా అందరివీ వచ్చాయి. మళ్ళీ మా చోట ఖాళీ. మా జోడీ కళ్ళు తెరవకుండానే, "కిటికీలోంచి కూత ఏసీయే! నీ గొంతు ఎల్తాదే!" అని గొణిగింది. వెళ్తుంది, అది నాకూ తెలుసు. కానీ బడి ఉన్నది వీధి మొదట్లో. ఇక్కడ నుంచి మా కూత వేస్తే రాళ్ళు ఇటే ఉన్నాయనుకుని తెప్పలన్నీ అవతలికి, అసలు రాళ్ళ వైపుకే మళ్ళుతాయి. నోరు రెండు చేతులతో మూసుకుని కూర్చున్నాను. నా జన్మలో అంత భారంగా ఎప్పుడూ ఊపిరి తీసుకోలేదు.

మేడంగారు, "భలే తల్లీ, అలాగే. ఇప్పుడు నెమ్మదిగా వదులు" అంది.

ఇంక నా వల్ల కాలేదు. లేచి తలుపు మీద పడ్డాను. హెడ్డు మాస్టారు నా రెక్క పట్టుకున్నాడు. "పెద్దవాళ్ళ ముందు నా పరువు తీస్తావా? కప్పు వద్దా మీకు?" అన్నాడు. ఆయన చెయ్యి కొరికేశాను. నోట్లో ఉప్పగా తగిలింది. ఆయన కేకేసి వదిలాడు. గడియ లాగి వానలో పడ్డాను.

ఒడ్డు పొడుగునా పరుగెత్తాను. ప్రతి తావులోనూ ఒక ఆడమనిషి సముద్రం వైపు చూస్తూ కూతేస్తోంది. నన్ను చూసి పక్కింటి అత్త, "ఓలమ్మో, నువ్వు తావులో నేవేటే!" అని గుండె బాదుకుంది. వానలో ఎవరి పక్కన ఎవరున్నారో కనపడక, తమ కూతల్లో పడి మా కూత లేదని గమనించక, నేను ఉన్నాననే అందరూ అనుకున్నారు. మా తావులో అమ్మమ్మ నడుం లోతు నీళ్ళలో నిలబడి సత్తు పళ్ళెం మీద గరిటెతో కొడుతోంది. నోరు తెరిచే ఉంది. అందులోంచి ఏమీ రావడం లేదు. ఆ పళ్ళెం చప్పుడు అలల హోరులో నాకే సరిగ్గా వినపడలేదు.

నేను కూతేశాను. ఆ రోజు వచ్చినంత కూత నాకు ముందూ రాలేదు, తర్వాతా రాలేదు. మసకలోంచి మగాళ్ళ కేకలు వినిపించాయి, తెప్పలు రాళ్ళకి ఎడంగా మళ్ళుతున్నాయని తెలిసింది. కానీ మా మావ అప్పటికే మమ్మల్ని దాటిపోయాడు. నా కూత వినపడలేదు కాబట్టి ఇంకా రాళ్ళ దాకా రాలేదనుకున్నాడు. దుంగలు రాయికి తగిలిన చప్పుడు అయింది. అమ్మమ్మ చేతిలో పళ్ళెం నీళ్ళలో పడిపోయింది.

తాళ్ళు వేసి మావని లాగారు. తెప్పకీ రాయికీ మధ్య కాలు నలిగిపోయింది. పెద్దాసుపత్రిలో ప్రాణం నిలబెట్టి, మోకాలి దగ్గర కాలు తీసేశారు.

మావని ఇంటికి తెచ్చాక మేడంగారు చూడ్డానికి వచ్చింది. బత్తాయిలూ రొట్టే తెచ్చింది. వెనకాల చేతికి కట్టుతో హెడ్డు మాస్టారు. ఆవిడ మావ మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంది. "నొప్పిని శత్రువనుకోవద్దు బాబూ. కళ్ళు మూసుకుని, అది ఎక్కడ ఉందో గమనిస్తూ ఊపిరి తీసుకో. తేలిక పడుతుంది" అంది.

మా మావ కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ చెప్పినట్టే లోపలికి తీశాడు, బయటికి వదిలాడు. ఇంటికొచ్చిన మనిషి మాట తీసెయ్యకూడదని. ఆ మర్యాద చూస్తుంటే నాకు ఆవిడ మీద కంటే మావ మీద ఎక్కువ కోపం వచ్చింది. లోపల అమ్మ చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. కాసేపటికి మావ కళ్ళు తెరిచాడు.

"అమ్మా, ఒక్క మాట. ఆ పూట మా కోడల్ని ఎందుకు ఒగ్గనేదండి?"

కోపంగా అడగలేదు. తెలుసుకుందామని అడిగాడు. మేడంగారి ముఖం పాలిపోయింది. "నాకు తెలీదు నాయనా. మీ ఆచారాలు నాకెలా తెలుస్తాయి? ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే పంపకపోదునా?"

"నాను సెప్పాను" అన్నాను.

ఆవిడ నా వైపు చూసి, "చిన్నపిల్లవి కదమ్మా, ఏదో..." అంది.

"సెప్పాను. మావ సముద్రం మీదున్నాడని సెప్పాను. రాళ్ళ మీదకి వత్తారని సెప్పాను. మీరు ఆళ్ళని సూసి నవ్వీసారు."

"ఏయ్, పెద్దవాళ్ళతో..." అని హెడ్డు మాస్టారు ముందుకొచ్చాడు. అమ్మమ్మ నోట్లోంచి చుట్ట తీసి గుమ్మం వైపు చూపించింది. గొంతు లేకపోయినా ఆ మాట అందరికీ వినపడింది. మేడంగారు బత్తాయిల సంచీ అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. అమ్మమ్మ వాటిని మేకకి పడేసింది.

ఆవిడ మళ్ళీ రాలేదు, కప్పూ రాలేదు. మా వీధిలోనే కొందరు, "కప్పేయించే మహాతల్లిని ఎల్లగొట్టేసారు, ఆ గుంట నోరు సూడు" అన్నారు. ఇంత జరిగినా హెడ్డు మాస్టారు మాత్రం ఆ శ్వాస క్లాసు మానలేదు. మా బడిలో ఇలాంటిది జరుగుతోందని పైవాళ్ళ దగ్గర గొప్పగా చెప్పుకున్నాడు మరి, మానేస్తే ఎలా? గంట కూడా ఆయనే కొన్నాడు.

నేను బడికి వెళ్ళనన్నాను. వానలన్నాళ్ళూ తావులోనే కూర్చుంటానన్నాను. అమ్మమ్మ సరేనని తలూపింది. మావ ఒక్కడే ఒప్పుకోలేదు.

"నువ్వు బడికెల్లు కోడలా. కూత నానేత్తాను."

అమ్మ బిత్తరపోయింది. "మగోడివి కూతెయ్యడమేట్రా? ఈదంతా నవ్వదేటి?"

"నవ్వనీ. నవ్వితే నాకున్న కాలు ఊడిపోద్దేటి? నీల మీదకి ఎలాగూ ఎల్లనేను. దీన్ని గడియేసి కూకోబెట్టినోడు మళ్ళీ కూకోబెడతాడు. ఆడి దయ మీద ఎవుడి పేనమూ ఉండకూడదు."

వీధి నవ్వింది. పిల్లలు వెనకపడి మావ కూతని వెక్కిరించారు. మొదట్లో గొంతు చీలిపోయి కోడిపుంజు అరిచినట్టే వచ్చేది. అమ్మమ్మ ఆయన్ని కూడా ఒడ్డున నిలబెట్టి బొడ్డు కింద చరిచింది. కర్ర చంకలో పెట్టుకుని, అంత మనిషి ఆ దెబ్బలు తింటుంటే నేను గుమ్మంలో నిలబడి చూడలేక లోపలికి పారిపోయాను. తర్వాత పలకా సంచీ తీసుకుని బడికి వెళ్ళాను.

మళ్ళీ ఒక రోజు పట్టింది ముసురు. హెడ్డు మాస్టారు గంట కొట్టి కళ్ళు మూసుకోమన్నాడు. అందరూ మూసుకున్నారు. నేను మూసుకోలేదు, ఆయనా నా వైపు చూడలేదు. కూతలు వచ్చాయి, ఆడ గొంతులు వరసగా. అన్నిటికంటే చివర రెండు పొట్టివి, ఒక పొడుగుది, లావుపాటి మగ గొంతుతో. మాదే. పిల్లలు కిసుక్కున నవ్వారు. హెడ్డు మాస్టారు విసుక్కున్నాడు.

"ఛీ, ఏకాగ్రత లేకుండా పోతోంది. ఆ కిటికీ మూసెయ్యండి."

ముందు వరస పిల్లాడు లేచాడు. వాడికంటే ముందు నేను వెళ్ళి కిటికీ రెక్క పట్టుకున్నాను. హెడ్డు మాస్టారు వదలమన్నాడు. వదల్లేదు. బెత్తం నా వేళ్ళ మీద పడింది. మళ్ళీ పడింది. మా జోడీ వచ్చి రెండో రెక్క పట్టుకుంది, దానికీ పడ్డాయి. వానజల్లు ఊచల్లోంచి మా మొహాల మీద కొడుతోంది. బయట మా మావ ఆపకుండా కూతేస్తున్నాడు. ఆయన ఆపేదాకా మేమూ వదల్లేదు.

తర్వాత ఇంజను తెప్పలొచ్చాయి, సెల్లులొచ్చాయి, వీధిని లేపి రోడ్డు వేశారు. ఇప్పుడక్కడ ఎవరూ కూతెయ్యరు. వెయ్యడం వచ్చినవాళ్ళలో నేనూ, ఆటోనగర్‌లో కొడుకు దగ్గరున్న మా జోడీ మిగిలాం. దాని వేళ్ళలో ఒకటి ఇప్పటికీ తిన్నగా రాదు. మేం కిటికీ వదలని ఆ రోజు సాయంత్రం తెప్పలన్నీ ఎవరి తావులో అవి దిగాయి. ఆ సంగతి హెడ్డు మాస్టారికి ఎవరూ చెప్పలేదు. ఆయనా అడగలేదు.